సైకిలు బ్రేకును బాగుచేసికొను విధము

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



ఒక గ్రామమున గ్రంథాలయము ఇరువదియైదు సంవత్సరములు నిలిచి పనిచేయుట సామాన్య విషయము కాదు. ఇట్టి ఉత్సవములందు కవిత్వమును గూర్చియో, వేదాంతమును గూర్చియో ప్రసంగించుట వాడుక. అయితే నిర్వాహకులు నన్ను పిలిచి, "నిత్యజీవితమునకు పనికివచ్చు శాస్త్రవిషయ మొకటి చెప్పుడు" అని కోరిరి. నేను సైకిలు బ్రేకును ఎంచుకొంటిని. ఆ మాట విని ఒకరిద్దరు మిత్రులు నవ్విరి. ఇంత చిన్న వస్తువును గూర్చి ఇంత పెద్ద సభలో ఏమి చెప్పెదవని వారి సందేహము. నా మనవి ఏమనగా, ఈ చిన్న వస్తువు సరిగా లేనందున విరిగిన చేతులును, పగిలిన తలలును మనలో ప్రతివారును చూచియున్నారు. ప్రాణమునకు సంబంధించినది చిన్నవిషయ మెట్లగును?

గ్రంథాలయమునకును సైకిలునకును సంబంధము లేకపోలేదు. పుస్తకమే నడచి పాఠకుని యొద్దకు రావలెనన్నది మన గ్రంథాలయోద్యమకారుల ఆశయము. 1935లో శ్రీ పాతూరి నాగభూషణముగారు కృష్ణా డెల్టాలో పెదవడ్లపూడి, కొల్లూరు గ్రామముల నడుమ కాలువపై పడవ గ్రంథాలయమును నడిపించిరి. మన తుంగభద్ర తీరమున అట్టి పడవలు లేవు. మనకు సైకిలే పడవ. బడికి పోవు పిల్లకును, పొలమునకు పోవు కూలికిని, నూలు మూటను గాని నేసిన చీరలను గాని వెనుక కట్టుకొని పోవు నేతగానికిని అదియే వాహనము. మోటారు బండ్లు ఎన్ని వచ్చినను, పెట్రోలు ఖర్చు లేనిది, పిల్లల చేతికి ఈయదగినది ఇదియొక్కటే.

అట్టి బండిని కొనునప్పుడు మనము రంగు చూతుము, సీటు చూతుము, గంట మ్రోగించి చూతుము. బాగుగా పరుగెత్తునా అని అడుగుదుము. బాగుగా ఆగునా అని అడుగువారు అరుదు. కొన్న ఆరు మాసములకు ముందు బ్రేకు సడలిపోవును. "పోనిండు, వెనుకది ఉన్నది గదా" అందుము. కొందరు ముందు బ్రేకు వేసినచో బండి పల్టీ కొట్టునని భయపడి, దానిని తామే విప్పించివేయుదురు. ఈ సభలో నేను నిరూపింపదలచిన మాట ఒక్కటే: మనము భయపడి వదలివేసిన ముందు బ్రేకే సైకిలునకు ముఖ్యమైన బ్రేకు. దానిని తీసివేయుట రక్షణ కాదు. బాగుచేసికొని, అభ్యసించి వాడుకొనుటయే రక్షణ.

బ్రేకు చేయు పని యేది?

బావిలో చేద విడిచినప్పుడు చేంతాడు చేతిలోనుండి జారినచో అరచేయి చురుక్కుమనును. చేద వేగమంతయు తాటికిని అరచేతికిని జరిగిన ఒరపిడిలో వేడిగా మారినది. సైకిలు బ్రేకు చేయు పనియు ఇదియే. బండికిని, దానిపై కూర్చున్న మనిషికిని గల చలనశక్తిని రబ్బరునకును రిమ్మునకును నడుమ జరుగు ఘర్షణచే వేడిగా మార్చుటయే బ్రేకు పని. మన్ననూరు దాటి శ్రీశైలమునకు దిగు నల్లమల ఘాటు వంటి దీర్ఘమైన దిగుడు దారిలో బరువుతో వచ్చిన సైకిలు రిమ్మును తాకినచో చేయి కాలును. వేడి మిక్కుటమైనచో ట్యూబునకు వేసిన అతుకు ఊడిపోవుటయు కలదు.

ఇచట రెండు పట్టులు ఉన్నవని గమనింపుడు. రబ్బరు రిమ్మును పట్టుట మొదటిది. టైరు నేలను పట్టుట రెండవది. రబ్బరు రిమ్మును ఎంత గట్టిగా పట్టినను, టైరునకు నేలపై పట్టు లేనిచో చక్రము తిరుగుట మానును గాని బండి ఆగదు, జారుకొంటూ పోవును. కావున బ్రేకును బాగుచేయుట యనగా ఈ రెండు పట్టులను బాగుచేయుటయే.

వేగమునకును దూరమునకును గల లెక్క

వేగము రెట్టింపైనచో ఆగుటకు పట్టు దూరమును రెట్టింపగునని చాలమంది తలంతురు. అది నాలుగింతలగును. గంటకు 15 కిలోమీటర్ల వేగమున పోవు సైకిలును వెనుక బ్రేకుతో మాత్రమే ఆపినచో సుమారు మూడున్నర మీటర్లలో ఆగునని అనుకొందము. అదే బండి 30 కిలోమీటర్ల వేగమున వచ్చినచో ఆగుటకు సుమారు పదునాలుగు మీటర్లు కావలెను. వేగము యొక్క ఈ స్వభావము రాజోలివారికి క్రొత్తగా చెప్పనక్కరలేదు. నిదానముగా పారు తుంగభద్రలో మోకాలిలోతున నిలిచి బట్టలుదుకుకొనువారు, 2009 అక్టోబరులో అదే నది వేగమెత్తి వచ్చినప్పుడు గోడలేమైనవో చూచియున్నారు. ప్రవాహవేగము రెట్టింపైనచో అది గోడపై చూపు బలము నాలుగింతలగును. సైకిలు విషయమునను సూత్రమొక్కటే.

దీనికి తోడు, అడ్డు కనబడిన క్షణమునకును చేయి బ్రేకు పట్టిన క్షణమునకును నడుమ సుమారు ఒక సెకను గడచును. గంటకు 20 కిలోమీటర్ల వేగమున ఆ ఒక్క సెకనులోనే బండి అయిదున్నర మీటర్లు ముందునకు పోవును. బ్రేకు పని ఆ తరువాతనే ఆరంభమగును. బ్రేకు పిడిపై వ్రేళ్లు సిద్ధముగా ఉన్నవానికి ఈ కాలము తగ్గును. బజారులోను, బడి యెదుటను, ఎద్దులబండ్లు మళ్లుచోట్లను వ్రేళ్లు పిడిపైననే ఉండవలెను. ఇది ఖర్చు లేని మొదటి సంస్కరణము.

ముందు బ్రేకు, వెనుక బ్రేకు

ఇక ముఖ్యవిషయమునకు వత్తును. బస్సులో నిలుచున్నప్పుడు డ్రైవరు బ్రేకు వేసినచో మనమందరమును ముందునకు తూలుదుము. సైకిలుపై కూర్చున్నప్పుడును అట్లే జరుగును. బ్రేకు పడగానే బండియొక్కయు మనిషియొక్కయు బరువు ముందు చక్రముపైకి ఒరుగును. వెనుక చక్రము తేలికయగును. తేలికయైన చక్రమునకు నేలపై పట్టు తగ్గును. కావుననే వెనుక బ్రేకును గట్టిగా పట్టినచో చక్రము బిగిసి, నేలపై నల్లని చార గీయుచు జారును. ఆ చారను చూచి "ఆహా, బ్రేకెంత గట్టిది!" అని పిల్లలు మురియుదురు. అది గట్టి బ్రేకునకు గుర్తు కాదు. పట్టు తప్పిన చక్రమునకు గుర్తు.

లెక్కకట్టి చూచినచో, పొడి నేలపై వెనుక బ్రేకుతో మాత్రమే ఆపదగిన వేగము భూమ్యాకర్షణలో సుమారు నాలుగవ వంతునకు మించదు. ముందు బ్రేకును ముఖ్యముగా వాడినచో అది సగము వరకు సులభముగా పోవును. దూరములలో చెప్పవలెనన్నచో, గంటకు 20 కిలోమీటర్ల వేగమున వెనుక బ్రేకుతో ఆరు మీటర్లలో ఆగు బండి, రెండు బ్రేకులు సరిగా వాడినప్పుడు మూడు మీటర్లలో ఆగును. ఆ మూడు మీటర్ల తేడాలోనే త్రోవకు అడ్డముగా పరుగెత్తిన పసిబిడ్డయో, మలుపు తిరిగిన లారీయో ఉండవచ్చును. అమెరికాలో 1970 దశకమున ఏర్పడిన సైకిళ్ల భద్రతానియమముల ప్రకారము, చేతిబ్రేకులు గల సైకిలు గంటకు 24 కిలోమీటర్ల వేగమునుండి సుమారు నాలుగున్నర మీటర్లలో ఆగవలెను. వెనుక బ్రేకు ఒక్కటే గల బండి ఆ పరీక్షలో ఎన్నడును నెగ్గజాలదు.

అట్లయినచో పల్టీ కొట్టునన్న భయము వట్టిదేనా? కాదు. అందు సత్యమున్నది. ముందు బ్రేకును హఠాత్తుగా, పూర్తి బలముతో, శరీరమును సడలించి పట్టినచో వెనుక చక్రము లేచుటయు, మనిషి పిడిమీదుగా ముందునకు పడుటయు జరుగవచ్చును. దానికి మందు బ్రేకును విప్పివేయుట కాదు. చేతికి నేర్పు కలిగించుట. మగ్గముపై పనిచేయువారికి ఈ నేర్పు తెలిసినదే. దారమును ఒక్కసారిగా గుంజినచో తెగును. మెల్లగా లాగి బిగించినచో నిలుచును. బ్రేకు పిడియు అంతే. మొదట మెత్తగా పట్టి, ఒక క్షణములో బరువు ముందు చక్రముపైకి వచ్చిన తరువాత పట్టును పెంచవలెను. అదే సమయమున చేతులను బిగించి, సీటుపై వెనుకకు జరిగి, నడుము వంచవలెను. వెనుక బ్రేకును తేలికగా పట్టియుంచవలెను. వెనుక చక్రము జారుచున్నట్లు తోచినచో అది హెచ్చరిక. ముందు పట్టును కొద్దిగా సడలింపవలెను.

ఇసుక మేటపైనను, కంకర రోడ్డుపైనను, బురదలోను, మలుపు తిరుగుచున్నప్పుడును ముందు చక్రము జారినచో నిలద్రొక్కుకొనుట కష్టము. అట్టి చోట్ల ముందు బ్రేకును చాల మెత్తగా వాడి, వెనుకదానిపై ఎక్కువ ఆధారపడవలెను. అంతకన్న మంచి పద్ధతి, మలుపునకు ముందే బండి తిన్నగా ఉన్నప్పుడు వేగమును తగ్గించుకొనుట.

బ్రేకు పుట్టుపూర్వోత్తరములు

ముందు బ్రేకునకు ఇంత ప్రాముఖ్యము ఉన్నను, అది మన చేతికి వచ్చిన రూపము అనేక మార్పుల ఫలము. దిగుడు దారిలో ఎద్దులబండి చక్రమునకు కట్టెను ఒరయించి వేగము తగ్గించుట పూర్వమునుండి ఉన్నదే. ఐరోపాలో తొలి సైకిళ్లకు పెట్టిన బ్రేకును ఇట్టిదే. గరిటె వంటి ఇనుపముక్క నేరుగా టైరుపై ఒరసికొనెడిది. 1888లో డన్‌లప్ గాలి టైరును కనిపెట్టిన పిమ్మట ఆ ఒరపిడికి మెత్తని టైరు త్వరగా అరిగిపోసాగెను. కావున ఒరపిడిని టైరునుండి రిమ్మునకు మార్చిరి. 1896లో బౌడెన్ అనునతడు గొట్టములో కదలు తీగకు హక్కుపత్రము పొందెను. చేతి లాగుడును ఏ మూలకైనను వంపులు త్రిప్పి కొనిపోవు ఆ తీగయే నేటి బ్రేకు తీగకు మూలము.

మన దేశమున 1949లో మద్రాసు సమీపమున అంబత్తూరులో టీ.ఐ. సైకిళ్ల కర్మాగారము, 1951లో సోనేపట్టులో అట్లాసు, 1956లో లూధియానాలో హీరో కర్మాగారము ఏర్పడి సైకిలును సామాన్యుని యింటికి చేర్చినవి. ఆ కాలపు నల్లని పెద్ద సైకిలునకు తీగ బదులు ఇనుప కడ్డీలుండెడివి. పిడిని ఎత్తినచో కడ్డీ రబ్బర్లను రిమ్ము లోపలి అంచునకు పైకి లాగును. అది మోటైనను మన్నికగలది. నేడు ఎక్కువ బండ్లకు తీగబ్రేకులు. రబ్బర్లు రిమ్మును రెండు ప్రక్కల పట్టును. ఖరీదైన గేరు సైకిళ్లకు చక్రము నడుమ బిళ్లను పట్టు డిస్కు బ్రేకులు వచ్చినవి. బిళ్ల నేలకు ఎత్తుగా ఉండుటచే వానలోను బురదలోను వాని పట్టు తక్కువ చెడును. కాని వానికి ఒక్క చుక్క నూనె సోకినను పట్టు పోవును. మూడింటికిని సూత్రమొక్కటే; పోషణ కావలసినది మూడింటికిని.

చేయవలసిన మరమ్మతులు

ఇపుడు చెప్పబోవువానిలో చాలవరకు ఒక పానాయు, ఒక గుడ్డపీలికయు, అరగంట తీరికయు ఉన్నవారు ఇంటియొద్దనే చేసికొనవచ్చును.

మొదటిది రిమ్ము. దానిపై దుమ్ము, నూనె, అరిగిన రబ్బరుపొడి చేరి నల్లని పూతగా ఏర్పడును. సబ్బునీటితో కడిగి, ఆరిన పిదప పొడిగుడ్డతో గట్టిగా తుడువవలెను. చైనునకు నూనె వేయునప్పుడు ఆ చేతితోనే రిమ్మును తాకుట, తళతళలాడవలెనని రిమ్మునకు కొబ్బరినూనె రాయుట చూచుచున్నాము. అది బ్రేకును చేజేతుల చెడగొట్టుకొనుటయే.

రెండవది రబ్బరు. ఎండకు రబ్బరు గట్టిపడి, పైభాగము గాజువలె నునుపెక్కును. దానిని గరుకు కాగితముపై నాలుగుమారులు రుద్దినచో క్రొత్త ముఖము వచ్చును. అందు గ్రుచ్చుకొన్న ఇసుకరేణువులను సూదితో తీసివేయవలెను. లేనిచో అవి రిమ్మును గీరి తినివేయును. రబ్బరుపై గాడులుండును. అవి అరిగి కనబడకపోయినచో రబ్బరును మార్చవలెను. సైకిలులో ఇంతకన్న చౌకయైన వస్తువులు ఎక్కువ లేవు. ఇంతకన్న విలువైనవియు లేవు.

మూడవది రబ్బరు తొడుగు. దీనిని అందరును జాగ్రత్తగా వినవలెను. కొన్ని తొడుగులకు ఒక కొన మూసియుండును, ఒక కొన తెరచియుండును. మూసియున్న కొన బండి పోవు దిక్కునకు, అనగా ముందునకు ఉండవలెను. త్రిప్పి బిగించినచో, బ్రేకు పట్టగానే తిరుగుచున్న రిమ్ము రబ్బరును తనతో ఈడ్చుకొనిపోవును. రబ్బరు ఊడి క్రింద పడును. చేతిలో పిడి మాత్రము మిగులును. పంచరు వేయించిన తరువాతను, రబ్బర్లు మార్పించిన తరువాతను ఈ ఒక్కటి మీరే స్వయముగా చూచుకొనుడు.

నాలుగవది అమరిక. రబ్బరు మొత్తము రిమ్మును తాకవలెను. పైకి పోయి టైరును తాకినచో టైరు కోసికొనిపోవును. క్రిందికి దిగినచో జారి పుల్లలలో చిక్కుకొనును. రిమ్మునకును రబ్బరునకును నడుమ రెండు మూడు మిల్లీమీటర్ల ఎడము చాలును. రబ్బరు ముందుకొన వెనుకకొనకన్న ఒక మిల్లీమీటరు రిమ్మునకు దగ్గరగా ఉండునట్లు అమర్చినచో కీచుమను చప్పుడు తగ్గును.

అయిదవది తీగ. సడలిన పడుగుపై నేత సాగనట్లు, సడలిన తీగతో బ్రేకు సాగదు. పిడిని పూర్తిగా నొక్కినను అది హ్యాండిలును తాకరాదు. నడుమ రెండు వ్రేళ్ల ఎడము మిగులవలెను. తీగపోగులు ఒకటి తెగినను మొత్తము మార్చవలెను. ఒకటి తెగిన పిమ్మట తక్కినవి వేచియుండవు. తీగ పోవు గొట్టము పొడవుగా వ్రేలాడుచున్నను, వంపు ఇరుకుగా ఉన్నను చేతిబలములో చాలభాగము ఆ ఒరపిడికే ఖర్చగును. గొట్టమును తగినంత పొట్టిగా కత్తిరించి, వంపులను సాఫీగా ఉంచి, లోపల కొద్దిగా గ్రీజు రాసినచో అదే చేతితో ఎక్కువ పట్టు దొరకును. కడ్డీబ్రేకులు గలవారు కీలుకీలునకు ఒక్కొక్క చుక్క నూనె వేసి, మిగిలినదానిని తుడిచివేసి, మరలను బిగించుకొనవలెను.

ఆరవది చక్రము. రిమ్ము వంకరయైనచో రబ్బరు ఒకచోట తాకి ఒకచోట తాకదు. అది తగులుచున్నదని రబ్బర్లను దూరము జరుపుట వాడుక. రోగము రిమ్ములో ఉండగా మందు బ్రేకునకు వేసినట్లయినది. పుల్లలు బిగించి వంకర తీయించుట మేస్త్రీ పని. ఆ కూలికి వెనుకాడరాదు. చక్రమునకు ప్రక్కలకు ఆట ఉన్నచో గోళీలను, కప్పులను చూపించుకొనవలెను. టైరు నునుపై, దారములు కనబడుచున్నచో ఎట్టి బ్రేకును నేలపట్టును తేలేదు.

వానకాలపు జాగ్రత్త

ఇంతవరకు చెప్పినది పొడికాలపు మాట. వానలో ఉక్కు రిమ్ము స్వభావమే మారిపోవును. మెరుగుపూత వేసిన ఉక్కుపై నీరు పొరవలె నిలిచి రబ్బరును తాకనీయదు. 1970 దశకపు ఆరంభమున అమెరికాలో చేసిన పరీక్షలలో, తడిసిన ఉక్కు రిమ్ముపై సాధారణపు రబ్బరు పట్టు పొడిదానిలో పదవవంతునకు పడిపోయినట్లు తేలినది. బ్రేకును పట్టియుంచినను చక్రము ఎన్నో చుట్లు తిరిగి నీటిని తుడిచివేసిన తరువాతనే పట్టు మరల వచ్చును. వానలో "బ్రేకు పట్టితిని గాని పడలేదు" అనువారు అబద్ధమాడుటలేదు. వారు చెప్పుచున్నది శాస్త్రమే.

దీనికి మూడు ఉపాయములు. వానలో పోవునప్పుడు అడ్డు రాకముందే అప్పుడప్పుడు బ్రేకును మెత్తగా తాకించి రిమ్మును తుడుచుకొనుచుండవలెను. వేగమును సగము చేసికొనవలెను. సగము వేగమునకు నాలుగవవంతు దూరము చాలునన్న లెక్క ఇచటనే ఆదుకొనును. ఇక మూడవది కొంత ఖర్చుతో కూడినది. రిమ్ము పాడై మార్చవలసి వచ్చినప్పుడు ఉక్కు రిమ్ము బదులు అల్యూమినియము రిమ్ము వేయించుకొనుడు. తడిలో దాని పట్టు ఉక్కుకన్న చాల మేలు. సైకిలు బ్రేకునకు ఒక్క మార్పుతో కలుగదగిన పెద్ద ఉపకారము ఇదియేనని చెప్పవచ్చును.

బరువు, పిల్లలు

వెనుక క్యారియరుపై మూటలు కట్టువారును, పాలబిందెలు తగిలించువారును ఒక లెక్క జ్ఞాపకముంచుకొనవలెను. చేతిపట్టు అంతే ఉండి బండితో కూడిన మొత్తము బరువు రెట్టింపైనచో ఆగు దూరమును రెట్టింపగును. బరువును పట్టి వేగమును ముందే తగ్గించుకొనవలెను. మూట కదలకుండ, ఎత్తు పెరుగకుండ, సీటునకు దగ్గరగా కట్టవలెను. ముందు కడ్డీపై బిడ్డను కూర్చుండబెట్టుకొనుట మనలో వాడుక. బిడ్డ బరువు ముందు చక్రమునకు దగ్గరగా చేరును గావున పల్టీ కొట్టు అపాయము పెరుగును. అట్టి సమయమున రెండు బ్రేకులను కలిపి మెత్తగా వాడుచు, నడకకన్న కొద్ది వేగముతోనే పోవలెను.

పిల్లల సంగతి మరియొకటి. తండ్రి సైకిలును కడ్డీ క్రిందుగా కాలు దూర్చి త్రొక్కు పిల్లవానికి ఒక చేయి సీటుపైన, ఒక చేయి హ్యాండిలుపైన ఉండును. వానికి ఒక్క బ్రేకే అందును. అదియు అరకొరగా అందును. చిన్నచేతికి పిడి దూరమైనచో వ్రేళ్ల కొనలే తాకును, కొనలలో బలముండదు. చాల క్రొత్త పిడులకు దగ్గరకు జరుపు మర ఉండును. దానిని త్రిప్పి, పిల్ల చేతికి సరిపోవునట్లు అమర్చి ఈయవలెను. ఏ చేతి పిడి ఏ చక్రమునకో అన్ని బండ్లకును ఒక్కతీరుగా ఉండదు. ఎరువు తెచ్చుకొన్న బండిని ఎక్కకముందే అది తెలిసికొమ్మని పిల్లలకు చెప్పవలెను. 2006లో బీహారు ప్రభుత్వము ఉన్నత పాఠశాలకు పోవు బాలికలకు సైకిళ్ల పథకము ఆరంభించినప్పుడు, బడికి దూరమైన ఆడపిల్లలు ఎందరో మరల బడి ముఖము చూచిరి. ఆడపిల్లను సైకిలెక్కించు గ్రామము ముందునకు పోవుననుటకు ఇంతకన్న నిదర్శన మేల? అయితే ఆమె ఎక్కిన బండి ఆగునట్టిది కావలెను. ఒక్కమారు పడి దెబ్బతగిలినచో "చాలును, ఇంటనుండుము" అను పెద్దలు మనలో ఇంకను ఉన్నారు. రెండు రబ్బరుముక్కలు లేనందున ఒక పిల్ల చదువు ఆగిపోరాదు.

పరీక్ష, అభ్యాసము

బ్రేకు బాగున్నదో లేదో తెలిసికొనుటకు సులభమైన పరీక్ష ఉన్నది. సైకిలు ప్రక్కన నిలిచి, దానిని ముందునకు త్రోయుచు ముందు బ్రేకు పట్టుడు. వెనుక చక్రము నేలనుండి లేవవలెను. తరువాత అట్లే త్రోయుచు వెనుక బ్రేకు పట్టుడు. వెనుక చక్రము తిరుగుట మాని నేలపై ఈడ్వబడవలెను. ఈ రెండును జరుగనిచో ఆ బండి ఎక్కదగినది కాదు. వారమున కొకమారు ఈ పరీక్షకు ఒక నిమిషము చాలును.

పరీక్ష బండికి, అభ్యాసము మనిషికి. ఖాళీగా ఉన్న మట్టిమైదానమున కాక, గట్టి పొడినేలపై ఒక గీత గీయుడు. నెమ్మదిగా వచ్చి, గీత దాటగానే బ్రేకు పట్టి, ఎంత దూరమున ఆగితిరో అడుగులతో కొలువుడు. మొదట వెనుకదానితో, పిదప రెండింటితో. పదిమార్లు చేసిన పిల్లవానికి నా ఉపన్యాసమంతయు ఒక్క పూటలో అర్థమగును. ముందు బ్రేకు అనిన భయమును పోవును.

ఈ సందర్భమున గ్రంథాలయ నిర్వాహకులకు ఒక విన్నపము. ఇచటకు పుస్తకములకై వచ్చువారి సైకిళ్లు ప్రతిదినమును ఈ గోడ ప్రక్కన నిలుచును. ఒక పెట్టెలో రెండు పానాలు, ఒక నూనెబుడ్డి, గరుకు కాగితము, నాలుగు జతల బ్రేకు రబ్బర్లు, ఒక గాలిపంపు ఉంచినచో ఖర్చు స్వల్పము. నెలకొక ఆదివారము ఊరి సైకిలు మేస్త్రీని పిలిచి, పదిమంది పిల్లలకు తీగ బిగించుటయు రబ్బరు అమర్చుటయు చూపించినచో, వారు పదియిండ్లకు నేర్పుదురు. రబ్బర్ల ధర చందాదారులు ఈయగలరు. అట్టి పెట్టెయు ఒక విధమైన గ్రంథమే యని నా అభిప్రాయము. విప్పినవానికి విద్య నేర్పును.

రాబోవు ఇరువదియైదేండ్లలో ఈ గ్రంథాలయము మరింత వృద్ధి పొందవలెనని కోరుచున్నాను. ఈ సభనుండి ఇండ్లకు పోవుటకుముందు, బయట నిలిపిన మీ సైకిళ్ల ముందు బ్రేకును ఒక్కమారు పట్టిచూడుడని మనవి చేయుచున్నాను.